రాజభవనములను చూచుట

దసరా సెలవులు దగ్గరపడగానే మన యిండ్లలో ప్రయాణపు మాటలు మొదలగును. తిరుపతి చూచివచ్చినవారు మైసూరు చూడవలెనందురు. మైసూరు చూచినవారు జయపురమో, ఉదయపురమో యందురు. దేవాలయముల తరువాత మనవారు పిల్లలతో, పెద్దలతో, పులిహోర పొట్లములతో పోయి చూచునవి ఎక్కువగా రాజభవనములే. దేవాలయమునకు ఎందుకు పోవుచున్నారని యడిగినచో ఏదో యొక సమాధానము చెప్పుదురు. రాజభవనమునకు ఎందుకని యడిగినచో "చూడదగినది గనుక" అని ఊరకుందురు. చూడదగినదే, అందు సందేహము లేదు. కాని అక్కడ మనము చూచుచున్నదేమి? చూచి సంతోషించుట ఏ కారణముచేత? ఆ సంతోషము మనలను కొంచెమైనను మంచివారినిగా చేయుచున్నదా, లేక మనకు తెలియకుండ మనలోని దేనినో చెరచుచున్నదా? సెలవుల సరదాలో ఈ విచారమును తెచ్చుట రసభంగమని కొందరనవచ్చును. పిల్లలు గల యింట ఈ ప్రశ్న ఎట్లును వచ్చును. మనము తేకపోయినచో వారే తెత్తురు.

రాజులు పోయిరి, మేడలు నిలిచినవి. 1947లో మైసూరు సంస్థానము భారతదేశమున చేరినది. 1971లో రాజ్యాంగమునకు జరిగిన 26వ సవరణతో సంస్థానాధీశుల గుర్తింపును, వారి రాజభరణములును రద్దయినవి. 2024లో మైసూరు రాజవంశపు వారసుడు లోక్‌సభకు అభ్యర్థిగా నిలిచి, అందరివలెనే ఓట్లడిగి గెలిచెను. ఇంత మార్పు జరిగినను అంబావిలాస భవనపు ద్వారమున జనుల వరుస తరుగలేదు. ప్రజలు రాజ్యమును తీసికొనిరి గాని, రాజును చూచెడి పాతచూపును మార్చుకొనిరా యన్నది వేరు మాట.

ఈ విషయమున మన యిండ్లలో రెండు తీర్పులు వినబడుచుండును. తాతగారు స్తంభమును చేతితో తడవి "ఎంత పుణ్యము చేసికొని పుట్టిరో!" అందురు. కళాశాలలో చదువుచున్న మనుమడు "ఇదంతయు పేదల నెత్తురు" అనును. ఇద్దరును పరస్పరవిరుద్ధముగా మాటలాడుచున్నట్లు తోచునుగాని, నాకు వారి మాటలలో పెద్ద భేదము కనబడదు. పూర్వజన్మపుణ్యమని చెప్పినవాడు విచారింపవలసిన పనిని దైవముమీద వేసినాడు. నెత్తురని చెప్పినవాడు తీర్పు చెప్పి చేతులు కడుగుకొన్నాడు. తీర్పు చెప్పిన మరునిమిషమున అంబారీ ముందు నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనును. ఇద్దరికిని మేడను నిదానించి చూచు నవసరము తప్పినది.

నిదానించి చూచినచో ఏమి కనబడును? ఇప్పుడున్న మైసూరు భవనము మనవారనుకొన్నంత పాతది కాదు. దీనికి ముందున్న కొయ్య నగరు 1897లో రాజకుమారి జయలక్ష్మమ్మణ్ణి వివాహోత్సవముల నడుమ అగ్నికి ఆహుతి యయ్యెను. రాజకుటుంబము జగన్మోహన భవనమునకు తరలినది. కొత్త మేడకు రూపకల్పన చేసినవాడు హెన్రీ ఇర్విన్ అను ఆంగ్లేయుడు. సిమ్లాలో వైస్రాయిగారి భవనమును రచించినవాడును ఆయనయే. ఒకసారి కాలిన అనుభవముచేత ఈమారు కొయ్యను నమ్మక, రాతిని, ఇనుమును నమ్మిరి. కల్యాణమంటపపు ఇనుపస్తంభములు గ్లాస్గో నగరమున పోతపోయించి తెప్పించినవి. 1912లో పని ముగిసినది. అయిన వెచ్చము 41 లక్షల రూపాయలకు పైమాట.

ఈ అంకెకు ప్రక్కన మరొక లెక్కను పెట్టి చూడవలెను. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొన్నది 1876 మొదలు 1878 వరకు నడచినది. రాయలసీమను కాల్చిన ఆ కరువే మైసూరును కాల్చినది. ఆ రాజ్యపు ప్రజలలో ఐదింట ఒక వంతు నశించిరని చరిత్రకారులు చెప్పుదురు. ఆ కరువు తీరిన పందొమ్మిదేండ్లకు పాత నగరు కాలినది. అనగా, కరువునాడు తల్లి చంకనుండి బ్రతికి బయటపడిన శిశువులు కండలు దేరిన కూలివారై ఈ మేడకు రాళ్ళు మోసియుండవలెను. మార్గదర్శకుడు మనకు చెప్పు కథలో అంకెలెన్నియో ఉండునుగాని ఈ లెక్క యుండదు.

అట్లని న్యాయము తప్పరాదు. కరువునాడు ఆ దేశము రాజుల చేతిలో లేదు; 1831 నుండి ఆంగ్లేయ కమీషనర్ల పాలనలో నుండి, 1881లో తిరిగి రాజవంశమునకు చేరినది. ఆ యేటనే ప్రజాప్రతినిధిసభ ఏర్పడెను. 1894లో ఎనిమిదేండ్లు నిండని బాలికల వివాహమును నిషేధించు చట్టము వచ్చెను. మన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తిట్లు తినుచున్న దినములవి. 1902లో శివసముద్రపు జలపాతమునుండి విద్యుచ్ఛక్తి పుట్టించి కోలారు బంగారు గనులకు పంపిరి. మేడ ముగియుటకు ఒక యేడు ముందుగా కన్నంబాడివద్ద కావేరికి ఆనకట్ట మొదలు పెట్టిరి. 1916లో విశ్వవిద్యాలయము వెలసెను. మన కట్టమంచి రామలింగారెడ్డిగారు అక్కడ ఆచార్యపదవిని, విద్యాశాఖాధికారమును వహించిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించిరి. ఇట్టి రాజ్యమును ఒక్క తిట్టుతో త్రోసిపుచ్చుట బాల్యచేష్ట. అయినను రైతుదృష్టితో చూచినచో ఒక భేదము మిగులును. అతడు కట్టిన పన్నులో కొంత ఆనకట్టగా మారి అతని మడికి తిరిగివచ్చినది. మేడగా మారిన భాగము తిరిగిరాలేదు. దసరానాడు వీథిలో నిలిచి మెడ యెత్తి చూచు హక్కు మాత్రమే అతనికి దక్కినది.

ఇక అందము మాట. కల్యాణమంటపములో నిలిచి తల పైకెత్తినప్పుడు రంగుటద్దముల కప్పునుండి నెమళ్ళు విప్పిన పింఛములతో వెలుగు క్రిందికి దిగును. అక్కడ నిలిచి నీతిశాస్త్రము తలచువాడు శుష్కుడని నేనును ఒప్పుకొందును. మన ఆలంకారికులలో భట్టనాయకుడు సాధారణీకరణమని యొక వ్యాపారమును చెప్పినాడు. అభినవగుప్తుడు దానిని పెంచి చూపినాడు. నాటకము చూచు సహృదయునికి నాది, పరునిది అను తలపు జారిపోవును. దుఃఖము తనదికాదు, సుఖము తనదికాదు, అయినను అనుభవము తనదే. ఇట్టి చూపుతో మేడను చూడగలిగినచో అంతకంటె నిర్దోషమైన ఆనందము లేదు. పౌరుడు ప్రజాధనముతో కట్టిన మేడను స్వామ్యమునాశింపక చూచి మురియుట ధర్మ్యమే.

కాని మనకు కలుగుచున్నది ఆ ఆనందమేనా? పిల్లలను పరీక్షించిన తెలియును. దర్బారుశాల దాటునప్పటికి మా తొమ్మిదేండ్లవాడు "ఇది మనదైతే నా గది ఏది?" అని యడిగెను. వానికక్క అప్పటికే తన గదిని ఎంచుకొన్నది. వెనుకనున్న వేరొక కుటుంబపు పిల్లలును అదే పంపకములో నుండిరి. ఒక్కరైనను వంటశాలను కోరలేదు, ద్వారపాలకుని గూడు కోరలేదు. పిల్లలు పైకన్నదానిని పెద్దలము లోపల అనుకొనుచుందుము, అంతే భేదము. ఇది సాధారణీకరణము కాదు. పరుల సింహాసనముమీద నిమిషముసేపు కూర్చుండుట. ధనవంతులను, అధికారులను చూచి మెచ్చుకొను స్వభావమే మన నైతికభావములు చెడుటకు అన్నిటికంటె పెద్దకారణమని ఆడం స్మిత్ తన నీతిగ్రంథములో వ్రాసినాడు. అర్థశాస్త్రమునకు మూలపురుషుడని మనము చెప్పుకొనువాడే ఈ మాట చెప్పుట గమనింపదగినది.

మేడలో చూచుటకు సింహాసనమొక్కటే చోటు కాదు. తల యెత్తినచో పైయంతస్తున గ్యాలరీలు కనబడును. రాజాంతఃపురస్త్రీలు వేడుకలను అక్కడనుండి చూచెడివారు. క్రింద మంత్రులు, సర్దారులు, విదేశాతిథులు. పైన మరుగున రాణులు. ఇందులో ఒక విచిత్రమున్నది. పాత నగరు కాలినప్పుడు, కొత్తదానికి పునాది పడినప్పుడు రాజ్యమేలుచున్నది పురుషుడు కాదు. 1895 నుండి 1902 వరకు కుమారునికి యుక్తవయస్సు వచ్చువరకును రాజప్రతినిధిగా పాలించినది మహారాణి కెంపనంజమ్మణ్ణి వాణీవిలాస సన్నిధానము. దివానుల కాగితములమీద ఆమె మాట చెల్లినది. అట్టి యామె కట్టింపబూనిన మేడలోనే స్త్రీలకు మరుగుచోటు కట్టిరి. దీనికి ఆమెను నిందించుట నా యుద్దేశము కాదు. అధికారము చేతికి వచ్చినంతమాత్రమున కూర్చుండు చోటు మారదని మాత్రము తెలియుచున్నది. మన సభలలో అధ్యక్షురాలిగా కుర్చీనలంకరించిన అమ్మగారు ఇంటికి వచ్చి అందరి భోజనములైన తరువాత వంటింటిలో పీట వాల్చుకొనుట మనమెరుగనిది కాదు.

ద్వారమువద్ద చెప్పులు విడుచు చోట జరిగిన యొక విషయము ఇక్కడ చెప్పవలెను. మాకు ముందు ఒక తెలుగు కుటుంబము నిలిచియుండెను. భార్యాభర్తలు చదువుకొన్నవారు, మంచి మాటతీరు గలవారు. వారి పసివానిని పదమూడేండ్లుండగల యొక పిల్ల ఎత్తుకొని నడచుచుండెను. టిక్కెట్ల కడకు వచ్చునప్పటికి ఆ తల్లి "బాబు నిద్రపోయాడుగా, నువ్వు ఇక్కడే సంచుల దగ్గర కూర్చో" అని మృదువుగానే చెప్పినది. పిల్ల వెంటనే కూర్చున్నది. ముందుగానే తెలిసినట్లు కూర్చున్నది. మా అమ్మ డెబ్బదియేండ్లది. ఆమె ఆ తల్లి దగ్గరకు పోయి, "అమ్మాయీ, నా మోకాళ్ళకు ఆ మెట్లు ఎక్కే ఓపిక లేదు. ఎలాగూ ఇక్కడే కూర్చుంటాను. బాబును నా ఒడిలో పెట్టి ఈ పిల్లను కూడా తీసుకుపొండి" అన్నది. ఆ తల్లి ముఖము కొంచెము ఎఱ్ఱబడినది. ఆమె చెడ్డది కాదు, తోచలేదు, అంతే. మరొక టిక్కెట్టు కొనిరి.

ఆ పిల్ల లోపల మా వెంటనే నడచినది. బొమ్మల మంటపమువద్ద కొంతసేపు నిలిచెను. అంబారీని అందరివలెనే చూచెను. కల్యాణమంటపములో మాత్రము అందరును నెమళ్ళను లెక్కించుచుండగా చాలసేపు పైకిచూచి, మా యింటిదానితో "అమ్మగారూ, అంత పైకెక్కి ఆ అద్దాలు ఎవరు తుడుస్తారు?" అని యడిగినది. మేమెవ్వరమును సమాధానము చెప్పలేకపోయితిమి. అక్కడనున్న కావలివాని నడుగగా నవ్వి, సారువలు కట్టి ఎక్కుదురని చేతులతో అభినయించి చూపెను. పిల్ల ఆ సారువ ఎక్కడ ఆనుతుందో చూచుటకు స్తంభముల చుట్టు తిరిగినది. 1853లో రస్కిన్ వెనిసు నగరపు శిలలనుగురించి వ్రాయుచు, అలంకారమును చూచునప్పుడు దానిని చెక్కిన చేయి స్వేచ్ఛగా పనిచేసినదా, బానిసగా పనిచేసినదా విచారింపుమని అనేకపత్రముల ఉపదేశమిచ్చినాడు. ఆ పిల్ల ఒక వాక్యములో ముగించినది. ఆమె చూపులో అసూయ లేదు, భక్తియును లేదు. పని యెరిగినవారు పనిని గుర్తించు చూపది.

ఈ చూపు పేదరికము చేతనే వచ్చునని యనుకొనుట సరికాదు. రాజసభల నెరిగిన కాళిదాసునకు ఈ చూపుండెను. శాకుంతలము ఐదవ యంకమున ఒక ముదుసలి కంచుకి కనబడును. ఒకనాడు అంతఃపురాధికారమునకు చిహ్నముగా పట్టిన బెత్తము నేడు తడబడు నడకకు ఊతయైనదని తనలో తాననుకొనును. కథకు ఆ మాట అక్కరలేదు. కవి కన్ను అక్కడ నిలిచినది గనుక వ్రాసినాడు. ఆరవ యంకపు మొదట రక్షకభటుల చేత దెబ్బలు తినిన జాలరియు అట్టివాడే. దుష్యంతుని వైభవమును ఇంత మెచ్చిన కవి కంచుకి మోకాళ్ళను, జాలరి వీపును మరువలేదు. నేను ముప్పది సంవత్సరములనుండి ఆ నాటకమును చదువుచున్నాను. సౌందర్యమును మెచ్చుటకును, సేవకుని చూచుటకును విరోధమున్నట్లు అందెక్కడను కనబడలేదు.

ఈ విచారమునకు మైసూరువరకు పోవలసిన పనియేమి యని చదువరులు అడుగవచ్చును. నిజమే. దర్బారు మన యింటనే యున్నది. ముందుగదిలో ఒక పడకకుర్చీ యుండును. అందు ఒక్కరే కూర్చుందురు. దినపత్రిక మొదట ఆయన చేతికి పోవలెను. కోడలు మాటలు వినుచు తలుపుచాటున నిలుచును, గ్యాలరీలోని రాణివలె. పనిమనిషికి కాఫీ పోయు గ్లాసు వేరుగా గోడగూటిలో బోర్లించియుండును. సంస్కారవంతులమనుకొను మన పేటలలోని అనేక అంతస్తుల భవనములలో పనివారు ఈ లిఫ్టు ఎక్కరాదని నేటికిని పలకలు కనబడుచున్నవి. ఆ పలక వ్రాయించిన సంఘములో సభ్యులు రాజరికమును వెక్కిరించువారే. పదునాలుగేండ్లు నిండని పిల్లలచేత పని చేయించుకొనుట 2016లో సవరింపబడిన చట్టము ప్రకారము నేరము. అయినను దూరపుచుట్టము కూతురనియో, చదివింతుమని తెచ్చుకొన్న పిల్లయనియో పేరుపెట్టి పసివానిని ఆమె చంకకెత్తుదుము. 26వ సవరణ రాజభరణములను తీసివేయగలిగినది గాని మన గోడగూటిలోని గ్లాసు జోలికి రాలేకపోయినది.

కనుక మేడను చూడరాదనుట నా మతము కాదు. చూడవలెను, పిల్లలకు తప్పక చూపవలెను. ఆ ఒక్క చోట ఇన్ని విధముల మనుష్యులు ఏ యే అంతస్తులలో నిలిచిరో గోడలే చెప్పుచుండును. కల్యాణమంటపపు గోడలమీద దసరా ఊరేగింపు చిత్రములున్నవి. మన కన్ను అలవాటు చొప్పున అంబారీమీదికి పోవును. కొంచెము క్రిందికి దించినచో బాజాలవారు, జెండాలు పట్టినవారు, గుఱ్ఱముల కళ్ళెములు పట్టినవారు వరుసగా నడచుచుందురు. ఒకొక్క ముఖము వేరువేరుగా వ్రాయబడినది. పిల్లవానిని ఆ ముఖములలో ఒకదానిని ఎంచుకొమ్మని, సాయంకాలము వానికి కాళ్ళు నొచ్చెనా, ఇంట ఏమి తినెను అని ఊహింపుమని అడిగినచో గదులు పంచుకొను ఆటకంటె అది తక్కువ వినోదము కాదు. మావాడు వెండిబెత్తమువాని నొకని ఎంచుకొని, వానికి నలుగురు పిల్లలను, ఒక ఆవును కల్పించినాడు.

ఏనుగుమాట చెప్పినచో పిల్లలు ఇంకను శ్రద్ధగా విందురు. అంబారీ బరువు సుమారు 750 కిలోలందురు. పూర్వము దానిలో రాజు కూర్చుండెను. రాజభరణముల రద్దు తరువాతి కాలమునుండి చాముండేశ్వరీదేవి విగ్రహమును కూర్చుండబెట్టుచున్నారు. పైన కూర్చున్నది మారినను క్రింద మోయునది మారలేదు. అర్జునుడను ఏనుగు 2012 మొదలు 2019 వరకు ఎనిమిది దసరాలు దానిని మోసినది. తరువాత వయస్సు మీరెనని ఆ బరువునుండి తప్పించిరి. అడవి యేనుగులను పట్టు పనినుండి మాత్రము తప్పింపలేదు. 2023 డిసెంబరులో హాసన్ జిల్లాలో అట్టి పనిలో నుండగా ఒక మదపుటేనుగుతో పోరి మరణించెను. దేవిని మోసిన ఏనుగునకు విశ్రాంతి యెంత దొరకవలెనని మా అమ్మాయి అడిగినది. ఉద్యోగవిరమణమునుగురించి ఉపాధ్యాయుడనైన నాకంటె తెలిసినవారు తక్కువ. అయినను ఆ ప్రశ్నకు నావద్ద నియమావళి లేకపోయినది.

ఆదివారములందును, పండుగదినములందును సాయంకాలము ఆ భవనమునకు దీపములు వెలిగింతురు. దాదాపు 97,000 దీపములట. ఒక్క క్షణమున నల్లని ఆకాశముమీద మేడ బంగారుగీతలతో లేచి నిలుచును. జనులందరును ఒక్క గొంతుతో ఆహా యందురు. ఆ ధ్వనిలో స్వామ్యమేమియు వినబడదు; టిక్కెట్టు కొన్నవాడును, కొననివాడును, బఠాణీలమ్మువాడును కలిసి అందురు. సాధారణీకరణమనునది ఎక్కడనైన నున్నచో ఆ ఆవరణమున ఆ కొన్ని నిమిషములలోనే యున్నదేమో.

వచ్చే వేసవిలో మరల పోవలెనని పిల్లలు ఇప్పటినుండియే పట్టుపట్టినారు. పోవుదుము. ఈమారు మైసూరులో ఒక పూట తగ్గించి శివసముద్రమునకు గూడ పోవలెననుకొనుచున్నాము. అక్కడ కావేరి రెండు పాయలై కొండమీదినుండి పడును. 1902లో ఆ నీటినుండి పుట్టిన శక్తి తొంబదిమైళ్ళ తీగలమీద కోలారు గనులకు పోయినది. ఆ గనులలో భూమి అడుగున తవ్వినవారిలో మన తెలుగువారు, తమిళులు అనేకులుండిరి. మా అమ్మ మెట్లులేని చోటైతే తానును దిగి చూచెదనన్నది.